బల్లకు ఇవతల: కిరాణా కొట్టు ఫోటోలో కనిపించని చరిత్ర

మిత్రులారా, ఈ భాగంలో ఫోటోల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ కిరాణా కొట్టు లోపలి ఫోటోల గురించి. దీని మీద కూడా వ్యాసమా అని నవ్వకండి, కాస్త ఓపిక పట్టండి.

పాత అమెరికా జనరల్ స్టోర్ నలుపు తెలుపు ఫోటో ఒకటి అప్పుడప్పుడు మన ఫోన్లలోకి వస్తూనే ఉంటుంది. పొడవాటి చెక్క బల్ల, దాని మీద త్రాసు, వెనక పైకప్పు దాకా అరలు, అరల నిండా వరసగా డబ్బాలు. కింద కామెంట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎంత ప్రశాంతంగా ఉందో, మనుషుల మధ్య ఎంత నమ్మకం ఉండేదో, ఆ రోజులే వేరు. మన దగ్గర గాజు సీసాల్లో పిప్పరమెంట్లు, గోనె సంచుల్లో పప్పులు కనిపించే పాత కొట్టు ఫోటో పెట్టినా ఇవే మాటలు. ఆ ప్రశాంతత కొట్టులోది కాదని, ఫోటోలోదని నా వాదన. కెమెరా ఒక దుకాణాన్ని ఎలా చూపిస్తే మనం దాన్ని అలాగే గుర్తుపెట్టుకుంటాం. ఆ గుర్తులోంచి ఎవరు జారిపోయారో వెతకాలంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లాలి. కొట్టు లోపలి ఫోటోలు, కొట్టు చుట్టూ పారిన నెత్తురు, రెండూ అక్కడ పక్కపక్కనే దొరుకుతాయి.

1936 వేసవిలో వాకర్ ఎవాన్స్ అనే ఫోటోగ్రాఫర్ అలబామా రాష్ట్రంలోని మౌండ్‌విల్ అనే చిన్న ఊళ్లో ఒక జనరల్ స్టోర్ లోపల ఫోటో తీశాడు. మహా మాంద్యం రోజులవి. గ్రామీణ పేదరికాన్ని నమోదు చేయడానికి అక్కడి ప్రభుత్వం ఫోటోగ్రాఫర్లను జీతాలిచ్చి పంపింది. ఆ పని చేసిన సంస్థకు 1937లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అని పేరు మారింది. పాత అమెరికా పల్లె అనగానే ఇవాళ ప్రపంచం కళ్ల ముందు నిలిచే బొమ్మల్లో చాలావాటికి మూలం అక్కడుంది.

ఎవాన్స్ వాడింది ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల ఫిల్ము పట్టే పెద్ద కెమెరా. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, నల్లగుడ్డ కింద తల దూర్చి చూసి తీయాలి. కొట్టు లోపల వెలుతురు తక్కువ కాబట్టి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో ఎవరు కదిలినా ఫోటోలో పొగలాగా పడతారు. అందువల్ల అలాంటి ఫోటోలో ఉంటే బిగుసుకుని నిలబడ్డవాళ్లుంటారు, లేదా ఎవరూ ఉండరు. డబ్బాలు కదలవు, త్రాసు కదలదు, అరలు కదలవు. సరుకులు స్పష్టంగా, మనుషులు మాయంగా ఉండే ఆ సౌందర్యంలో ఫోటోగ్రాఫర్ అభిరుచి సగమైతే పరికరం పరిమితి మిగతా సగం. మనం ఆ పరిమితిని చూసి 'పాతకాలపు ప్రశాంతత' అని పేరు పెట్టుకున్నాం.

నిజానికి ఆ కొట్టు లోపలి అమరికలో అన్నిటికన్నా ముఖ్యమైనది అర కాదు, బల్ల. సరుకంతా బల్లకు అవతల, కొనేవాడు ఇవతల. పిండి, చక్కెర పీపాల్లోంచి తీసి తూచి పొట్లం కట్టాలి. ఏ రకం ఇవ్వాలో, ఎంత తూగిందో, ధర ఎంతో, ముందు ఎవరికి ఇవ్వాలో అన్నీ అవతల నిలబడ్డవాడి నోట్లో ఉంటాయి. జిమ్ క్రో కాలపు దక్షిణాదిలో నల్లవాడు ముందొచ్చినా తెల్లవాళ్లందరి బేరాలు అయ్యేదాకా పక్కన నిలబడాలి. పాలుకు సాగుచేసే కుటుంబమైతే చేతిలో డబ్బే ఉండదు. 1865లో బానిసత్వం చట్టప్రకారం పోయాక దాని స్థానంలోకి వచ్చినది ఈ ఉద్దెర వ్యవస్థ. పంట రాకముందే దాన్ని తాకట్టు పెట్టి పిండి, ఉప్పు వేసిన పందిమాంసం, కిరసనాయిలు తెచ్చుకోవాలి. నగదుకు ఒక ధర, ఉద్దెరకు అంతకన్నా పెద్ద ధర. ఆ పైన వడ్డీ. పత్తి అమ్మాక లెక్క చూస్తే చాలామందికి మిగిలేది మళ్లీ బాకీయే. నాగుకు గింజలు తెచ్చుకుని కళ్లంలోనే సగం కొలిచిన ఇళ్లవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొట్టులో అసలు సరుకు బల్ల కింద ఉండే ఆ ఖాతా పుస్తకమే. ఏ ఫోటోలోనూ దాని పేజీ తెరుచుకోదు.

ఇంకో సంగతి. ఎవాన్స్ ఆ వేసవిలో వెళ్లింది జేమ్స్ ఏజీ అనే రచయితతో కలిసి. వాళ్లిద్దరి పుస్తకం 1941లో వచ్చింది. పాలు రైతుల బతుకు మీద ప్రపంచంలో ఎక్కువగా చదివే పుస్తకాల్లో అదొకటి. వాళ్లు మకాం వేసిన హేల్ కౌంటీలో అప్పట్లో నల్లవాళ్లే ఎక్కువమంది. పుస్తకం ఎంచుకున్న మూడు కుటుంబాలూ తెల్లవే.

మరి నల్లవాళ్లు కెమెరా కంట పడనే లేదా? పడ్డారు. మారియన్ పోస్ట్ వోల్కాట్ 1939 శరత్తులో మిసిసిపీ డెల్టాలోని మైల్‌స్టన్ దగ్గర మార్సెల్లా ప్లాంటేషన్ కొట్టు లోపల ఫోటోలు తీసింది. ఆమె రాసిన వివరం వల్లే ఆ ఫోటో మనకు అర్థమవుతుంది. పక్క ఊళ్ల నుంచి ట్రక్కుల్లో తెచ్చిన రోజుకూలీలు, శుక్రవారం రాత్రి, పత్తి ఏరినందుకు కూలి తీసుకోవడానికీ సరుకులు కొనుక్కోవడానికీ తోట యజమాని కొట్టులో ఎదురుచూస్తున్నారని ఆమె రాసింది. ఆ ఒక్క వాక్యంలో ఎంత ఆర్థికశాస్త్రం ఉందో చూడండి. కూలి ఇచ్చే చోటూ, ఆ కూలి ఖర్చుపెట్టించే చోటూ ఒకటే. డబ్బు గడప దాటకుండానే వెనక్కి వెళ్తుంది. ఆ వివరం చెరిపేసి ఫోటో ఒక్కటే పంచితే ఏమవుతుంది? 'ఒకప్పటి సందడి కొట్టు' అవుతుంది.

పద్యం కింద వ్యాఖ్యానం మారితే పద్యమే మారిపోవడం తెలుగు ఎమ్మే చదివిన అందరూ చూసేవుంటారు. ఫోటో కింద వాక్యమూ అంతే. కానీ ఫోటోకి ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది కత్తెర. దీనికి తిరుగులేని ఉదాహరణ డొరొతియా లాంగ్ 1936లో మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ దగ్గర తీసిన ఫోటో. ఇది కొట్టు లోపలిది కాదు, వరండా మీదిది. ముందు ఒక భారీ తెల్లాయన కారు మీద కాలు పెట్టి నిలబడి ఉంటాడు. ఆయన్ని కొన్నిచోట్ల తోట యజమాని అన్నారు, కొన్నిచోట్ల పర్యవేక్షకుడన్నారు. ఆయన వెనక కొట్టు వరండా మీద ఐదుగురు నల్ల మనుషులు. ఎవరి కాలు ఎక్కడుందో, ఎవరి ఒళ్లు ఎంత ఒదిగి ఉందో చూస్తే చాలు, డెల్టా మొత్తం అందులో ఉంది. 1938లో ఆర్చిబాల్డ్ మెక్లీష్ అనే కవి స్వేచ్ఛ గురించి ఒక దీర్ఘకవిత రాసి, ఈ ప్రభుత్వ ఫోటోలతో పుస్తకంగా వేశాడు. పేరు 'లాండ్ ఆఫ్ ద ఫ్రీ'. అందులోనూ ఈ ఫోటో ఉంది. ఐదుగురు నల్లవాళ్లు మాత్రం లేరు. కత్తిరించేశారు. మిగిలినాయన స్వేచ్ఛాప్రియుడైన అమెరికన్‌గా దర్శనమిస్తాడు. నేను క్లాసులో ముందు కత్తిరించినది చూపించి, ఈయనెవరని అడుగుతాను. కష్టజీవి, రైతు అంటారు. తర్వాత మొత్తం ఫోటో చూపిస్తాను. ఆ తర్వాత నేను పాఠం చెప్పాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

ఇప్పుడు మెంఫిస్‌కి వెళ్దాం. టెనెసీ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరాన్ని ప్రపంచమంతా సూపర్ మార్కెట్ పుట్టిల్లుగా చెప్పుకుంటుంది. 1916 సెప్టెంబరులో జెఫర్సన్ అవెన్యూ 79వ నంబరులో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి 'పిగ్లీ విగ్లీ' అనే కొట్టు తెరిచాడు. బల్లను మధ్యలోంచి తీసేశాడు. తిరిగే గేటులోంచి లోపలికి వెళ్లి, అరల మధ్య ఒకే దారిలో నడుస్తూ, ధర చీటీ చూసి, నచ్చింది బుట్టలో వేసుకుని, చివర గల్లా దగ్గర నగదు కట్టి బయటపడాలి. ఆ దారి కొట్టులో ఉన్న సరుకులన్నిటి ముందు నుంచీ తిప్పి తీసుకుపోతుంది. మన మాల్స్‌లో పాల ప్యాకెట్టు కోసం వెళ్లి పది అరలు దాటడం వెనక ఉన్న తెలివి ఇదే. ఈ అమరికకు ఆయన 1917 అక్టోబరులో పేటెంట్ కూడా తీసుకున్నాడు.

ఆ కాలంలో క్లిఫర్డ్ పోలండ్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన పిగ్లీ విగ్లీ లోపలి ఫోటోలు ఇవాళ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాణిజ్య చరిత్ర పుస్తకాల్లో, డిజైన్ పాఠాల్లో ఎక్కడ చూసినా అవే. మెరిసే అరలు, సరిగ్గా గీత గీసినట్టు పేర్చిన డబ్బాలు. చూస్తే ప్రజాస్వామ్యం కొట్టు రూపంలో వెలిసిందా అనిపిస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు, ధర అందరికీ ఒకటే. ఇందులో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. బల్ల దగ్గర అవమానపడ్డవాడికి అచ్చువేసిన ధర చీటీ చిన్న వరం కాదు. దక్షిణాదిలో రంగు గీతను కొనుగోలు స్థలాలు ఎలా గీశాయో, ఎక్కడ చెరిపాయో గ్రేస్ ఎలిజబెత్ హేల్ 1998లో వచ్చిన 'మేకింగ్ వైట్‌నెస్' పుస్తకంలో వివరంగా రాసింది. చదవగలిగినవాళ్లు చదవండి. అయితే సాండర్స్ బల్ల తీసింది ఎవరి ఆత్మగౌరవం కోసమో కాదు, గుమస్తాల జీతాలు మిగుల్చుకోవడానికి. ఆ తిరిగే గేటు ఎవరిని లోపలికి తిప్పిందో, ఎవరు వెనక గదిలో మూటలు మోశారో ఆ ఫోటోలు చెప్పవు. అవి వ్యాపారం కోసం తీసినవి, సరుకే వాటి కథానాయకుడు.

అదే మెంఫిస్‌లో అంతకు 24 ఏళ్ల ముందు ఇంకో కిరాణా కొట్టు ఉండేది. దాని పేరు పీపుల్స్ గ్రోసరీ. ట్రాము పట్టాలు మలుపు తిరిగే చోట ఉన్న బస్తీ కాబట్టి ఆ ప్రాంతాన్ని 'కర్వ్' అనేవారు. 1889లో నల్లజాతి వాళ్లు తలా కొంత వాటా వేసుకుని ఈ కొట్టు పెట్టారు. పగలు ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ థామస్ మాస్ దానికి అధ్యక్షుడు. అప్పటిదాకా అక్కడ వ్యాపారమంతా బారెట్ అనే తెల్ల షావుకారుది. నల్లవాళ్లు తమ కొట్టులో తామే కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆయన గిరాకీ పడిపోయింది. 1892 మార్చిలో గోలీలాటలో పిల్లల మధ్య వచ్చిన తగాదా పెద్దవాళ్ల దాకా పాకింది. రాత్రివేళ తుపాకులతో వచ్చిన తెల్లవాళ్ల మీద కొట్టును కాపలా కాస్తున్నవాళ్లు కాల్పులు జరిపారు. వచ్చినవాళ్లలో ముగ్గురు గాయపడ్డారు. నల్లవాళ్లను పదులకొద్దీ జైల్లో వేశారు. మార్చి 9న తెల్లవారకముందే ఒక గుంపు జైల్లోకి చొరబడి థామస్ మాస్, కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టివర్ట్ అనే ముగ్గుర్ని ఊరి బయటికి లాక్కెళ్లి కాల్చి చంపింది.

మాస్ కుటుంబానికి ఆప్తురాలు, మాస్ కూతురికి గాడ్‌మదర్, పత్రికా సంపాదకురాలు ఐడా బి. వెల్స్. మూకహత్యలకు గురైనవాళ్లందరూ ఏదో నేరం చేసి ఉంటారన్న ప్రచారం ఎంత అబద్ధమో ఈ మూడు చావులతో ఆమెకు తేటతెల్లమైంది. వాళ్లు చేసిన నేరమల్లా కొట్టు పెట్టుకోవడం. ఊరు విడిచి పొమ్మని ఆమె తన పత్రికలో రాసింది, వేలమంది వెళ్లిపోయారు. ఆ ఏడాది మే నెలలో ఆమె ఊళ్లో లేనప్పుడు ఆమె ప్రెస్సును ధ్వంసం చేశారు. ఆమె ఆత్మకథ ఆమె పోయాక ఎన్నో ఏళ్లకు, 1970లో అచ్చయింది. అందులో పీపుల్స్ గ్రోసరీ లోపల ఏం జరిగిందో ఉంది. గుంపు కొట్టులోకి దిగి తిన్నంత తిని, తాగినంత తాగి, మోసుకుపోలేనిదాన్ని పాడుచేసింది. నా దృష్టిలో మెంఫిస్ కిరాణా చరిత్రకు అతి ముఖ్యమైన 'లోపలి చిత్రం' ఇదే. ఇది మాటల్లో ఉంది కాబట్టి డిజైన్ పుస్తకాల్లోకి ఎక్కదు. గూగుల్‌లో మెంఫిస్, కిరాణా అని బొమ్మలు వెతికితే మెరిసే అరలే ఎక్కువ వస్తాయి.

ఫోటోకి ఉన్న ఈ బలం నల్లజాతి మేధావులకు తెలియకపోలేదు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ జార్జియా నల్లవాళ్ల జీవితం మీద ఆల్బములు తయారుచేసి తీసుకెళ్లాడు. మొత్తం 363 ఫోటోలు. వాటిలో డాక్టర్ మెక్‌డుగాల్డ్ మందుల దుకాణం లోపలి ఫోటో ఒకటుంది. అది కిరాణా కాదు గానీ మన చర్చకు పనికొస్తుంది. అదే అరలు, అదే సీసాలు, అదే శుభ్రత. తేడా ఒక్కటే, దుకాణం నల్లవాళ్లది. మిగతా ఫోటోల్లో అలంకారంగా కనిపించిన అర ఇక్కడ వాదన అయింది. మాకు లెక్క రాదన్నారుగా, చూడండి అన్నట్టు ఉంటుంది. అయితే మర్యాదస్తులుగా కనిపిస్తేనే మనుషులుగా లెక్కించే ప్రపంచానికి సాక్ష్యాలు సమర్పించుకోవడం ఎంత బాధాకరమో కూడా అందులో ఉంది. డుబోయిస్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం అది.

ఇక మిసిసిపీలోని మనీ అనే చిన్న ఊరు. బ్రయంట్స్ గ్రోసరీ అండ్ మీట్ మార్కెట్. 1955 ఆగస్టులో షికాగో నుంచి బంధువుల ఇంటికి వచ్చిన 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్ బబుల్ గమ్ కొనడానికి ఆ కొట్టులోకి వెళ్లాడు. పొలం పనివాళ్లైన నల్లవాళ్లే ఆ కొట్టుకు ముఖ్యమైన గిరాకీ, బల్లకు అవతల తెల్లామె. కొద్ది రోజులకు ఆమె భర్త, అతని సోదరుడు ఆ పిల్లవాణ్ణి రాత్రిపూట ఎత్తుకెళ్లి చంపారు. తెల్లవాళ్ల జ్యూరీ ఇద్దర్నీ వదిలేసింది. తర్వాత వాళ్లే ఒక పత్రికకు డబ్బు తీసుకుని, తామే చంపామని చెప్పుకున్నారు. తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచి ఉంచమంది. ఆ ముఖం ఫోటో జెట్ పత్రికలో వచ్చింది, దేశం కదిలింది.

కొట్టు లోపల ఆ కొన్ని నిమిషాల్లో ఏం జరిగిందన్నదాని మీద ఇప్పటికీ వేర్వేరు కథనాలున్నాయి. కిటికీలోంచి చూసిన ఒకామె చాలా ఏళ్ల తర్వాత చెప్పినది నన్ను వదలదు. ఆ పిల్లవాడు డబ్బుల్ని బల్ల మీద పెట్టకుండా నేరుగా ఆమె చేతిలో పెట్టాడట. దక్షిణాది మర్యాద ప్రకారం నల్ల చెయ్యి తెల్ల చేతికి తగలకూడదు, నాణెం బల్ల మీద పెట్టాలి. ఉత్తరాది నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. ఇప్పుడు మళ్లీ మొదట చెప్పుకున్న ఫోటోల్లోని ఆ చెక్క బల్లను గుర్తుచేసుకోండి. అది సామాను పెట్టే చెక్క మాత్రమే కాదు. రెండు చేతుల మధ్య పెట్టిన దూరం.

బ్రయంట్ కొట్టు ఇప్పుడు తీగలు అల్లుకున్న మొండిగోడలు. దాని పక్కనున్న పాత పెట్రోలు బంకును పౌరహక్కుల స్థలాల కోసం ఇచ్చిన ప్రభుత్వ నిధులతో బాగుచేసి చక్కగా రంగులేశారు. యాత్రికులు పాతకాలపు బంకు భలే ఉందని ఫోటో తీసుకోవచ్చు.

నాణెం బల్ల మీద పెట్టడం అనగానే మనలో చాలామందికి అమెరికా గుర్తురాదు. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ కలిసి 2006లో తెచ్చిన 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' చూడండి. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో చేసిన సర్వే. మూడోవంతుకు పైగా ఊళ్లలో దళితులకు కొట్టులోకి ప్రవేశం లేదని అందులో తేలింది. దూరంగా నిలబడాలి. సరుకు నేల మీద పెడతారు, డబ్బూ నేల మీద పెట్టాలి. మనకు బల్ల కూడా అక్కర్లేదు, నేలే బల్ల.

అందుకే రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో 'దుకాణాలు' అన్న మాట విడిగా ఉంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అంబేడ్కర్ ఇచ్చిన జవాబు చదవాలి. ఆ మాటను లోపలికి రానివ్వడం అనే చిన్న అర్థంలో వాడలేదని, కోరి వచ్చిన ఎవరికైనా సేవ అందించాల్సిన చోటు అనే పెద్ద అర్థంలో వాడామని ఆయన వివరించారు. గడప దాటనిస్తే సరిపోదు, బల్ల దగ్గర అందరితో సమానంగా బేరం కావాలి. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని సభ ఆమోదించిందీ ఆ రోజే. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం ఆరో సెక్షను సరుకు అమ్మననడాన్ని కూడా శిక్షార్హం చేసింది. ఎమ్మెట్ టిల్‌ని చంపిన సంవత్సరమే అది.

మా అమ్మమ్మ షావుకారు కొట్టు గురించి చెప్పేటప్పుడు సీసాల మాట, పిప్పరమెంట్ల మాట ఎత్తేది కాదు. మెట్ల సంగతి చెప్పేది. కొట్టుకు మూడు మెట్లు, మాలోళ్లు, మాదిగోళ్లు కింద నేల మీదే ఆగాలి. ఆమె కొంగు పట్టేది, పైనుంచి పొట్లం పడేది. కొలత సరిపోయిందో లేదో చూడాలంటే త్రాసు కంటికి ఆనదు, అంత కింద నిలబడాలి మరి. లోపల ఏ రంగు అరలున్నాయని ఒకసారి అడిగాను. "మేమెప్పుడు చూసినంరా?" అంది. ఆ కొట్టు లోపలి ఫోటో ఎవరింట్లోనైనా ఉంటే ఉండొచ్చు. ఉన్నా అది మెట్టు పైనుంచి తీసిందే అయివుంటుంది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక పని. నేను చెప్పిన అమెరికా ప్రభుత్వ ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. పంచేటప్పుడు కింద ఉన్న వివరం కూడా పంచండి. ఆ విభాగం అధిపతి రాయ్ స్ట్రైకర్ నచ్చని నెగెటివ్‌లకు రంధ్రం పొడిచేవాడు. ఆ పొడిచినవాటిని కూడా వెతికి చూడండి. ఏది వద్దనుకున్నారో చూస్తే ఏం కావాలనుకున్నారో తెలుస్తుంది. ఆ తర్వాత సెలవులకు ఇంటికెళ్లినప్పుడు తాతనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చిన్నప్పటి కొట్టు పటం ఒక కాగితం మీద గీయించండి. మెట్లెన్ని, బల్ల ఎక్కడ, త్రాసు ఏ ఎత్తులో ఉండేది, ఎవరు ఎక్కడ నిలబడేవారు, డబ్బులు ఎక్కడ పెట్టేవారు. ఊరి పేరు, ఏ ఏడాది ప్రాంతమో రాయండి. షావుకారు పేరు అక్కర్లేదు. గీసినవి నాకు పంపండి, వచ్చినవాటితోనే తర్వాతి భాగం రాస్తాను.